పెరటి చెట్టు కాఫీ

మా అమ్మకి డెబ్భై మూడో ఏట డాక్టరు చక్కెర మానెయ్యమన్నాడు. అన్నం తగ్గించమంటే తగ్గించింది. మామిడిపండు వద్దంటే సరేనంది. కాఫీలో చక్కెర దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్ళనీళ్ళ పర్యంతమయింది. విశాఖపట్నం వదిలి బ్రిస్బేన్‌కి దక్షిణాన ఉన్న ఈ సన్నీబ్యాంక్‌కి వచ్చాక ఆవిడకి మిగిలిన సొంత సుఖం అదొక్కటే. గుడికి వెళ్ళాలంటే నేను కారు తియ్యాలి. చెల్లెలితో మాట్లాడాలంటే ఇండియాలో తెల్లవారాలి. పొద్దున్నే అయిదింటికి ఫిల్టరులో దిగిన డికాషను, చిక్కటి పాలు, రెండు చెంచాల చక్కెర... వీటికి మాత్రం ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు.

చక్కెర మానిన మొదటిరోజు ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. "ఇది కాఫీ కాదే, కషాయం" అంది. వారం తిరిగేసరికి కాఫీయే మానేసింది. తెల్లవారుజామున వంటింట్లో గ్లాసు చప్పుడు వినపడకపోతే నాకే ఏదోలా ఉండేది. చక్కెర లేకుండా తాగగలిగే కాఫీ లోకంలో లేదా అని వెతకడం అలా మొదలుపెట్టాను. మీ ఇంట్లోనూ షుగరున్న పెద్దవాళ్ళుంటే పనికొస్తుందని ఆ వెతుకులాట సంగతి రాస్తున్నాను.

సన్నీబ్యాంక్ తెలియనివాళ్ళకి ఒక్కమాట. మెయిన్స్ రోడ్డు మీద మార్కెట్ స్క్వేర్ దగ్గర నిలబడితే చుట్టూ తైవాన్, చైనా, కొరియా వంటల వాసనలే. మా ఇంటికి నడిచివెళ్ళే దూరంలో ఒక కొరియా దంపతుల చిన్న కాఫీ కొట్టుంది. గింజలు తెప్పించి, వెనకగదిలో చిన్న యంత్రంలో వాళ్ళే వేయించుకుంటారు. ఆ కొట్టు ముందు నుంచి ఏళ్ళ తరబడి నడిచాను కానీ లోపలికి వెళ్ళలేదు. కాఫీ గురించి మనకి కొరియావాళ్ళు చెప్పేదేమిటన్న ధీమా!

ఆ ధీమా ఎంత తప్పో తర్వాత తెలిసింది. 1896లో గోజోంగ్ రాజు రష్యా దౌత్య కార్యాలయంలో తలదాచుకున్నప్పుడు కాఫీ రుచి మరిగాడని వాళ్ళు చెప్పుకుంటారు. 1976లో అక్కడి డాంగ్‌సో కంపెనీ కాఫీపొడి, క్రీమరు, చక్కెర కలిపేసిన చిన్న పొట్లాన్ని అమ్మకానికి పెట్టింది. వేణ్ణీళ్ళు పోస్తే చాలు, కాఫీ తయారు. మనకి బ్రూ ఎంతో వాళ్ళకి ఆ పొట్లం అంత. అలాంటి తియ్యటి పొట్లాల దేశం నుంచే 2019లో బూసాన్‌కి చెందిన జన్ జూ యన్ అనే ఆవిడ బోస్టన్‌లో జరిగిన ప్రపంచ బరిస్టా పోటీలో మొదటి స్థానం గెలుచుకుంది. అంటే, తీపి కాఫీ నుంచి తీపి లేని కాఫీకి వెళ్ళే దారి వాళ్ళు నడిచి చూసినదే. మాకు కావలసిందీ ఆ దారే కదా!

ఒక శనివారం అమ్మని బలవంతాన బయలుదేరదీశాను. కొట్టాయన వంగి నమస్కరించి "ఒమోని" అని పిలిచాడు. అమ్మా అని అర్థంట. వాళ్ళ పిల్లలు తల్లిని "ఒమ్మా" అంటారని చెబితే అమ్మ మొహం విప్పారింది. "వీళ్ళు మనవాళ్ళేనే" అని అక్కడికక్కడే తీర్మానించేసింది.

ఆయన బల్లమీద అయిదు గిన్నెలు పెట్టాడు. ఏది ఏ దేశపు గింజో చెప్పలేదు. ఈ రుచి చూసే పద్ధతిని కప్పింగ్ అంటారు. 150 మిల్లీలీటర్ల నీళ్ళకి 8.25 గ్రాముల పొడి, సుమారు 93 డిగ్రీల వేడినీళ్ళు, నాలుగు నిమిషాల ఓర్పు. పైన తేలిన తెట్టుని చెంచాతో విడదీసి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి, ఆ తరవాత చెంచాడు తీసుకుని పెద్ద చప్పుడుతో జుర్రుకోవాలి. జన్మంతా మమ్మల్ని చప్పుడు చెయ్యకుండా తాగమన్న అమ్మ, సిగ్గుపడుతూనే జుర్రుకుంది. చప్పుడెందుకంటే, అలా జుర్రినప్పుడు కాఫీ తుంపరలై నాలుకంతా పరుచుకుంటుంది, వాసన గొంతు వెనక నుంచి ముక్కుకెక్కుతుంది. రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. ఇంకో సంగతి, వేడి మీద కొన్ని రుచులు తెలియవు. అందుకని చల్లారే కొద్దీ రెండు మూడుసార్లు చూడాలి.

ఇలా పరీక్షించి వందకి 80 మార్కులు దాటినదాన్ని స్పెషాల్టీ కాఫీ అనడం రివాజు. ఆ మాటని 1974లో అమెరికాలో కాఫీ వ్యాపారం చేసిన ఎర్నా నట్సెన్ అనే ఆవిడ వాడుకలోకి తెచ్చింది.

మరి చేదు ఎక్కణ్ణుంచి వస్తోంది? కెఫీన్ చేదే కానీ, కాఫీ చేదులో దాని వాటా చిన్నది. అసలు చేదు వేపుడులో పుడుతుంది. పచ్చి గింజని వేయిస్తుంటే సుమారు 200 డిగ్రీల దగ్గర జొన్నపేలాల్లా చిటపటమంటుంది. అక్కడ ఆపితే పండు పులుపూ వాసనా మిగులుతాయి. ఇంకా వేయించి రెండో చిటపట దాటిస్తే గింజ నల్లబడి, పైకి నూనె తేలి, చేదెక్కుతుంది. దానికి తోడు మన పొడుల్లో చాలావాటిలో చికోరీ ఉంటుంది. అది కాఫీయే కాదు, ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి, పొడికొట్టి కలుపుతారు. డికాషనుకి నలుపూ చిక్కదనమూ ఇస్తుంది, తనవంతు చేదూ ఇస్తుంది. ఇండియా నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే తక్కినదంతా చికోరీ కావచ్చన్నమాట! ఇన్నాళ్ళూ మనం పోసిన పాలూ చక్కెరా ఈ చేదుకి విరుగుడే. విరుగుడు తీసేసి చేదుని మాత్రం అలాగే ఉంచితే అమ్మ కషాయం అనక ఏమంటుంది?

గిన్నెల దగ్గరికి వస్తాను. మొదటిదాంట్లో ఆయనకి బ్లూబెర్రీ కనిపించిందట. బ్లూబెర్రీ ఎరగని అమ్మ "నేరేడుపండు, కాస్త వగరు కూడా ఉంది" అంది. వగరంటే ఏమిటో ఆయనకి చెప్పడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఉగాది పచ్చడితో ఆరు రుచులూ నేర్చుకున్న నాలుకలు మనవి. ఎవరి చక్రాలూ పటాలూ లేకుండానే చెప్పగలం, అడిగేవాళ్ళుంటే. రెండోది "మరీ పుల్లన" అని తోసేసింది. నాలుగో గిన్నె దగ్గర ఆగింది. మధ్యస్థంగా వేయించిన గింజలవి. మళ్ళీ జుర్రి, "కమ్మగా ఉందే, నువ్వులు వేయించినట్టు" అంది. నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆయన "గోసోహన్!" అని చప్పట్లు కొట్టాడు. నువ్వులు, పప్పులు వేగినప్పుడు వచ్చే కమ్మదనానికి వాళ్ళ మాటట. ఇంగ్లీషులో సరైన మాట దొరకని రుచికి కొరియాలోనూ తెలుగులోనూ మాట ఉంది, చూశారా!

బయలుదేరబోతుంటే ఆయన మీదే ఊరని అడిగాడు. విశాఖపట్నం అన్నాను. "అరకు దగ్గరా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. చిన్నప్పుడు కిరండూల్ రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు వెళ్ళాం. సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగల పక్కన నిలబడి ఫోటోలు దిగాం. వాటి నీడన ఉన్నవి కాఫీ మొక్కలని ఎవరూ పట్టించుకోలేదు. "ఎర్రపళ్ళ బుట్టలు మోసుకెళ్ళేవాళ్ళు, అడవి కాయలనుకున్నాను" అంది అమ్మ.

తూర్పు కనుమల్లోకి కాఫీ 1898లో పాములేరు లోయలో అడుగుపెట్టింది. అరకు ప్రాంతంలో సముద్రమట్టానికి సుమారు 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున, చెట్ల నీడలో గిరిజన రైతులు అరబికా పండిస్తున్నారు. ఎత్తు మీద చల్లదనానికి కాయ నెమ్మదిగా పండుతుంది, అందుకే గింజలో తీపి పెరుగుతుంది. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణమే వెలిసింది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మన కొండల మీది గింజ విలువ సన్నీబ్యాంక్‌లో కొరియా ఆయన గుర్తుచేస్తే గానీ నాకు తెలియలేదు. ఆ డిసెంబరులో మా తమ్ముడు వస్తూ అరకు గింజల పాకెట్టు తెచ్చాడు.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి ఇదీ. చికోరీ కలపని, మధ్యస్థంగా వేయించిన గింజలు. అప్పటికప్పుడు మరపట్టిన పొడి 12 గ్రాములు, మరిగాక ఒక నిమిషం ఆగిన నీళ్ళు 200 మిల్లీలీటర్లు. నాలుగు నిమిషాలయ్యాక పల్చటి బట్టలో వడకట్టడం. పాలలోనూ సహజమైన చక్కెర ఉంటుంది కాబట్టి రెండు చెంచాల పాలు, అంతే. మొదటి వారం అలవాటు కాదు. రెండో వారానికి నాలుక దారికొస్తుంది.

అరకు కాఫీ మొదటిసారి తాగినప్పుడు అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "ఇది కాఫీ కాదే. కానీ బాగుంది. రేపూ పెట్టు" అంది. ఇప్పుడు నేను పెట్టక్కర్లేదు. అయిదింటికి తనే లేచి పెట్టుకుంటోంది. పండగ పూట మాత్రం పాత ఫిల్టరు, చిక్కటి పాలు, అర చెంచా చక్కెర. ఆ సంగతి డాక్టరుకి నేను చెప్పను, మీరూ చెప్పకండి.