ఎముకలో నాటిన లోహము – లేసర్ కాంతి

ఊడిన పంటికి బదులుగా దవడ ఎముకలో చిన్న టైటానియమ్ మరమేకును బిగించి, దానిపై కృత్రిమదంతమును అమర్చుట నేడు సామాన్య చికిత్స. దీనికి దారి తీసినవాడు స్వీడన్ దేశీయుడగు బ్రోనెమార్క్. 1952లో ఆయన కుందేటి కాలియెముకలో రక్తము పారు తీరును చూచుటకై ఒక టైటానియమ్ పరికరమును అమర్చెను. పని ముగిసిన పిదప దానిని తీయబోగా, అది ఎముకతో ఏకమై ఊడి రాలేదు!

అయితే ఈ కలయిక ఒక్కనాటితో జరుగునది కాదు. బిగించిన రోజున మరమేకును నిలుపునది కేవలము ఒత్తిడియే. కొయ్యలో మేకు నిలిచినట్లే. తొలిచినపుడు దెబ్బతిన్న ఎముకను శరీరము కొద్దికొద్దిగా కరిగించివేసి, ఆ చోట క్రొత్త ఎముకను కట్టును. పాత ఇంటి వాసములు తీసి క్రొత్తవి ఎక్కించునపుడు కప్పు ఎట్లుండునో ఊహింపుడు. పాతపట్టు సడలినది, క్రొత్తపట్టు ఇంకను చిక్కలేదు. సాధారణముగా మూడు, నాలుగు వారములకు ఈ బలహీనదశ వచ్చును. అప్పుడు నమలుటవలన మరమేకు కదలినచో, చుట్టును ఎముకకు బదులు మెత్తని నారకణజాలము పెరిగి శ్రమయంతయు వ్యర్థమగును. అందుచేతనే పలువురు రోగులు కొన్ని నెలలు వేచియుండవలసి వచ్చుచున్నది.

ఈ దశను లేసర్ కాంతితో కుదింపవచ్చునా? 1967లో బుడాపెస్టు నగరమున మెస్టర్ అను వైద్యుడు, లేసర్ వలన క్యాన్సర్ వచ్చునేమో చూచుటకై చుంచెలుకల వీపు గొరిగి, దానిపై కాంతిని ప్రసరింపజేసెను. క్యాన్సర్ రాలేదు, వెండ్రుకలు మాత్రము త్వరగా మొలిచినవి. ఈ చికిత్సలో వాడునది కోయు లేసర్ కాదు, వేడి పుట్టింపని బలహీనమైన కాంతి. 600 మొదలు 1000 నానోమీటర్ల వరకు గల ఎరుపు, పరారుణ కిరణములు మాంసములోనికి కొంత లోతుగా చొచ్చును. కణములలోని మైటోకాండ్రియాలో ‘సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్’ అను ఎంజైము వానిని గ్రహించుటచే కణమునకు శక్తి హెచ్చునని, ఎముకను కట్టు కణములు చురుకగునని పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

మోతాదులోనే ఉన్నది చిక్కంతయు. నారుమడికి నీరు చాలకున్నను, ఎక్కువైనను నారు చెడును. కాంతియు నట్టిదే; మితిమీరినచో కణముల పనిని మందగింపజేయును. పైగా చిగురును, ఎముకను దాటులోపల అది చాలవరకు చెదరిపోవును.

ఎలుకలలో, కుందేళ్ళలో అనేక ప్రయోగములు ఆశాజనకముగనే ఉన్నవి. మనుష్యులలో మాత్రము ఫలితములు ఏకీభవింపవు. మరమేకు బిగువును దాని కంపనములనుబట్టి కొలిచి, 1 నుండి 100 వరకు అంకెలలో తెలుపుదురు. లేసర్ తగిలిన మరమేకునకును, తగలని దానికిని కొన్ని పరీక్షలలో ఈ అంకెలయందు చెప్పుకోదగిన భేదము కానరాలేదు. కనుక లేసర్ పెట్టించుకొన్నామను ధైర్యముతో గడువునకు ముందే గట్టి పదార్థములు నములుట తగదు.