స్పీడోమీటరు కేబులుకు గ్రీజు పూయడం

1950ల చివరి నుండి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు కారు పాత నమూనాలలో, గేరుబాక్సు నుండి స్పీడోమీటరుకు చలనాన్ని అందించేది ఒక గొట్టంలో తిరిగే ఉక్కు తీగ. దీనినే స్పీడోమీటరు కేబులు అంటారు. తీగకు గ్రీజు ఆరిపోతే ముల్లు ఊగిసలాడుతుంది, కీచుమనే శబ్దం వస్తుంది; అలాగే వదిలేస్తే తీగ తెగిపోవచ్చు.

అయితే గ్రీజు ఎక్కువ కావడమే ఇంకా పెద్ద ప్రమాదం. మెలితిప్పి అల్లిన తీగ తిరిగేటపుడు మరలాగా పనిచేసి గ్రీజును మీటరులోనికి ఎక్కిస్తుంది. అక్కడ అయస్కాంతం, దానిని తాకకుండా ఒక అల్యూమినియం గిన్నె ఉంటాయి. అయస్కాంతం తిరిగినపుడు గిన్నెలో పుట్టే ఎడ్డీ కరెంట్లు గిన్నెను, దానికి అమర్చిన ముల్లును కదిలిస్తాయి. (జర్మనీకి చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు పొందిన పద్ధతి ఇది.) ఈ సందులో గ్రీజు చేరితే గిన్నె అయస్కాంతానికి అంటుకొని ముల్లు తప్పు వేగాన్ని చూపుతుంది. కేబులు మార్చడం తేలికే గానీ మీటరు బాగుచేయడం కష్టం.

మీటరు వెనుక నట్టు విప్పి, లోపలి తీగను లాగి, కిరసనాయిలుతో తుడిచి ఆరనివ్వాలి. పలుచగా గ్రీజు పూస్తూ తిరిగి దూర్చాలి. తరువాత పైకొనను సుమారు 20 సెంటీమీటర్లు బయటకు లాగి, ఆ భాగాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి లోనికి నెట్టాలి. గ్రీజుకు బదులు నూనె వాడరాదు. ఎవరూ పూయకుండానే మీటరు దగ్గర నూనె కనిపిస్తే గేరుబాక్సు వైపు సీలును పరీక్షించాలి.