నోటు ఉంది... టైమే దాటింది!

ఇంట్లో ఒక్కడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉంటే చాలు, చుట్టాలకి వాడే టెక్నీషియన్, వాడే వకీలు. దసరాకి జనగామ వెళ్తే నాకూ ఇదే పని. ‘‘ఫోన్ల జర సూడు బిడ్డా, ఇది చెల్లుతదా?’’ అంటూ ఎవరో ఒకరు కాగితం పట్టుకొస్తారు. నేను వకీలును కాను. కానీ ఒక పాఠం మాత్రం మా ఇంట్లోనే నేర్చుకున్నా.

2014లో నాన్న తన దోస్తుకి లక్షన్నర ఇచ్చి ప్రామిసరీ నోటు రాయించుకున్నాడు. 2018లో నా ఇంజినీరింగ్ ఫీజు కోసం ఆ పైసలు అడిగితే ‘‘ఇప్పుడు లేవు’’ అన్నాడాయన. నోటు పట్టుకుని వకీలు దగ్గరికి పోయాం. ఆయన తేదీ చూసి, ‘‘నోటు మంచిదే సారూ, టైమే దాటింది’’ అన్నాడు.

మూడేళ్ల ముచ్చట

అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటు మీద, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపే కోర్టుకు వెళ్లాలి. ఇది 1963 నాటి లిమిటేషన్ చట్టం. ఈలోపు అవతలి మనిషి కొంత అసలో, మిత్తో కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. మా నాన్న దోస్తు మిత్తి చాలాసార్లు కట్టాడు. కానీ అంతా చేతికే. ‘‘దోస్తుతోని సంతకం ఏం పెట్టిస్తం’’ అని నాన్న మొహమాటపడ్డాడు. ఆ మొహమాటం ఖరీదు లక్షన్నర!

అప్పటి నుంచి ఎవరు ఏ కాగితం చూపించినా ముందు తేదీయే చూస్తున్నా.

మానుకోట: తెల్లకాగితం మీద భూమి

మహబూబాబాద్ దగ్గరి తండాలో ఉండే నా క్లాస్‌మేట్ వాళ్ల తాత ఎకరంన్నర కొన్నాడు. తెల్లకాగితం మీద నలుగురి సంతకాలు, అంతే. దీన్నే సాదాబైనామా అంటారు. దున్నేది వీళ్లు, పట్టా మాత్రం అమ్మినాయన పేరు మీదే. వంద రూపాయలు, అంతకు మించిన విలువ ఉన్న భూమి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్తుంది.

2014 జూన్ 2కు ముందు కొన్నవాటిని క్రమబద్ధం చేస్తామని ప్రభుత్వం 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 వరకు దరఖాస్తులు తీసుకుంది. 2025లో వచ్చిన భూభారతి చట్టంలో కూడా అవకాశం అప్పుడు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకే. కాబట్టి ఆనాటి మీసేవ రసీదు ఉంటే బంగారంలా దాచుకోండి. ‘తర్వాత రెగ్యులరైజ్ చేస్తారులే’ అని ఇప్పుడు కొత్తగా తెల్లకాగితం మీద మాత్రం కొనొద్దు. ఏజెన్సీ ఊళ్లలోనైతే ఇంకా జాగ్రత్త. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మితే ఆ అమ్మకమే చెల్లదు.

జనగామ: ‘కట్నం ఇచ్చినం కదా!’

మా అక్క వరసయ్యే ఆమె అడిగింది: ‘‘తమ్ముడూ, పెండ్లయినంక నాకు వాటా ఉంటదా?’’ ఉంటుంది. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణతో పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతి ప్రకారం పంపకాలైపోతే మాత్రం వాటిని తిరగదోడలేరు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. కానీ అన్నదమ్ములు తెచ్చిన విడుదల దస్తావేజు మీద చదవకుండా సంతకం పెడితే పోతుంది!

షెడ్యూల్డ్ తెగలకు ఈ చట్టం నేరుగా వర్తించదు. అయితే ఆడబిడ్డకు వాటా ఉండదనే ఆచారం ఉందని రుజువు చేయకుండా ఆమెను పక్కన పెట్టడం వివక్షేనని 2025 జులైలో ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

భూపాలపల్లి: తొలి ఉద్యోగం, తొలి బాండు

భూపాలపల్లి తమ్ముడొకడికి క్యాంపస్ ఆఫర్ వచ్చింది. మధ్యలో మానేస్తే రెండు లక్షలు కట్టాలని అందులో రాసి ఉంది. ‘‘ఇసొంటి బాండ్లు చెల్లవట కదా అన్నా’’ అన్నాడు. అదేం లేదు. ఒక ప్రభుత్వ బ్యాంకు పెట్టిన మూడేళ్ల, రెండు లక్షల బాండును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని ఎంత రాస్తే అంతా కట్టాలనీ కాదు. బాండులో రాసింది పైహద్దు మాత్రమే, దానికి లోబడి సబబైన పరిహారమే ఇప్పించాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెప్తుంది. బాండు పేరుతో బలవంతంగా పని చేయించలేరు కూడా. సంతకానికి ముందే ఎన్నేళ్లు, ఎంత, ఏ తేదీ నుంచి అన్నది చూసుకోవాలి. ఒక కాపీ మన దగ్గర ఉండాలి.

ఉచితంగా అడగొచ్చు

వకీలు ఫీజుకి భయపడి తేదీ దాటనివ్వొద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. న్యాయ సేవాధికార సంస్థ నంబర్ 15100.

నాన్న ఆ నోటును ఇంకా బీరువాలోనే దాచాడు. పారేయమంటే వినడు. మొన్న మా బాబాయి ఎవరికో అప్పిస్తుంటే మాత్రం పక్కనే కూర్చుని, ‘‘తేదీ రాయించు. మిత్తి కట్టినప్పుడల్లా వెనక చెల్లు రాయించు’’ అని రెండుసార్లు చెప్పాడు.

ఈసారి ఊరెళ్లినప్పుడు మీ ఇంటి బీరువా కూడా ఓసారి తెరవండి. తేదీలు చూడండి.