విడిభాగం వెనుక మనిషి

ఢిల్లీలో చట్టం మారితే ఆ బరువు ఎవరి భుజాన పడుతుందో తెలియాలంటే బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణం వైపు చూడాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి అక్కడ తెలుగు కుటుంబాలున్నాయి. లోకో షెడ్డు ఫిట్టరుకు క్వార్టరు, ఆసుపత్రి, యూనియను ఉన్నాయి. 2004 జనవరి 1కి ముందు చేరినవారికి పాత పింఛను హక్కు ఉంది. రైల్వేలోనూ నేడు కాంట్రాక్టు పని ప్రవేశించిందన్నది వేరే సంగతి.

అదే పనితనం గల యువకుడు మోటారు విడిభాగాల కర్మాగారంలో చేరితే, తరచు గేటుపై కంపెనీ పేరు, జీతం చీటీపై కాంట్రాక్టరు పేరు కనిపిస్తాయి. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 20 మందిని పెట్టుకున్న కాంట్రాక్టరుకు వర్తించేది. 2020 సెప్టెంబరులో, ప్రతిపక్షాలు సభను బహిష్కరించిన వేళ, పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతి ఆ సంఖ్యను 50కి పెంచింది. 2025 నవంబరు 21న అది అమలులోకి వచ్చింది. 49 మందిని పెట్టుకున్నవాడికి ఇక ఆ కాంట్రాక్టు నిబంధనల బెడద లేదు.

దీనివల్ల ఉపాధి పెరుగుతుందని ప్రభుత్వ వాదన. పెరగవచ్చు. కాని పవర్ ప్రెస్సు కింద వేలు నలిగిన యాభయ్యోవాడు కాని పనివాడు ముందుగా ఎవరి తలుపు తట్టాలి? సభ్యులు అడగవలసిన ప్రశ్న ఇదే.