మీకు తెలుసా? చీకటి వేదికకు చవక లెన్స్

ముంబైలోని వర్లి బీడీడీ చాళ్ల దగ్గర మనవాళ్లు రాత్రిపూట బతుకమ్మ ఆడినా, అక్కడికి దగ్గర్లోని నెహ్రూ సెంటర్‌లో కచేరీ జరిగినా, ఫొటో తీసేవాళ్లకు అడ్డొచ్చేది ఒక్కటే. వెలుతురు చాలదు.

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. చవకలో దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8 దానికంటే దాదాపు పదింతల వెలుతురు లోపలికి తీసుకుంటుంది. సెకనులో 20వ వంతు షటర్‌తో గాయని చెయ్యి అలుక్కుపోయిన చోట, అదే ఐఎస్‌ఓతో 200వ వంతుకు వెళ్లొచ్చు. మైకు పట్టుకున్న వేలి ఉంగరం కూడా స్పష్టంగా వస్తుంది. లెన్స్‌లోని స్టెబిలైజర్ మన చేతి వణుకును ఆపుతుందే గానీ పాడే మనిషి కదలికను ఆపలేదు. అందుకే, డబ్బు తక్కువగా ఉంటే జూమ్ జోలికి పోకుండా ముందు ఈ 50 ఎంఎం లెన్సే కొనాలంటాను.

ఫోర్ట్‌లోని బోరా బజార్‌లో సెకండ్‌హ్యాండ్‌ది కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. నికాన్ పాత ఎఫ్/1.8డి లెన్స్‌లో మోటార్ ఉండదు. బాడీలోనూ మోటార్ లేని డీ3000, డీ5000 వరుస కెమెరాలకు తగిలిస్తే ఆటోఫోకస్ పనిచేయదు, రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే.