ఇల్లే ఆఫీసైతే.. మహిళలకు ఒత్తిడి ఎందుకు పెరిగింది?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఐటీ, బీపీవో ఉద్యోగులు ఇళ్ల నుంచే పనిచేసేందుకు వీలుగా టెలికాం శాఖ నిబంధనలను సడలించింది. ట్రాఫిక్ బెడద తప్పింది కాబట్టి మహిళలకు ఇది వెసులుబాటేనని చాలామంది భావించారు. కానీ, ఎందరికో ఆ వెసులుబాటు దక్కలేదు.

దీని మూలం కరోనాకు ముందే ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేసే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారు. పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. పైగా, ఏ రోజైనా ఇంటి పనుల్లో చేయి వేసే పురుషులు 26 శాతమే.

ఆసరా తెగిపోయింది

ఉద్యోగినులు ఈ భారాన్ని పనిమనిషి, బడి, క్రెష్, అమ్మమ్మ నానమ్మల సాయంతో నెట్టుకొచ్చేవారు. లాక్‌డౌన్‌తో ఇవన్నీ ఒకేసారి దూరమయ్యాయి. అపార్ట్‌మెంట్లు పనివాళ్లను గేటు దగ్గరే ఆపేశాయి. తరగతులు ఫోన్లలోకి వచ్చాయి. పెద్దవాళ్లకు వైరస్ సోకుతుందేమోనన్న భయం తోడైంది.

ఆఫీసుకు వెళ్లివచ్చే ప్రయాణం అలసటే అయినా, ఉద్యోగానికీ ఇంటికీ మధ్య ఒక హద్దుగా ఉండేది. అది చెరిగిపోవడంతో ఒకే గంటలో మీటింగూ, వంటా, పిల్లల హోంవర్కూ సాగాయి. రెండు చోట్లా న్యాయం చేయలేకపోతున్నానన్న అపరాధ భావన, నిద్రలేమి, చిరాకు, నడుము నొప్పి దాని ఫలితాలే.

తట్టుకోవడంలో రెండు దారులు

ఒత్తిడిని ఎదుర్కొనే తీరును మనస్తత్వవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో రెండు రకాలుగా వివరించారు. ఒకటి, మనసును కుదుటపరచుకోవడం. రెండోది, సమస్యనే మార్చడం. యోగా, ధ్యానం, స్నేహితులతో మాట్లాడటం మొదటి కోవలోవి. ఇవి మేలు చేస్తాయి, కానీ గిన్నెలు తోమవు. పనులు పంచుకోవడం, మీటింగులకు వేళలు పెట్టడం, ఆమెకూ తలుపున్న ఒక గది కేటాయించడం రెండో కోవలోవి. అయితే ఇవి ఆమె ఒక్కతే తీసుకోగల నిర్ణయాలు కావు. భర్త, మేనేజరు కూడా మారాలి. వారు మారని చోట చాలామంది తెల్లవారుజామునే లేచి, నిద్ర తగ్గించుకుని సర్దుకున్నారు. అది పరిష్కారం కాదు, ఆరోగ్యాన్ని తాకట్టు పెట్టడం.

చట్టం కూడా ఈ భారాన్ని తల్లివైపే చూపిస్తోంది. ప్రసూతి సెలవు తర్వాత, పని స్వభావం అనుమతిస్తే, పరస్పర అంగీకారంతో ఇంటి నుంచి పనిచేయవచ్చని 2017 సవరణ చెప్పింది. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ కల్పించాలి. ప్రైవేటు ఉద్యోగాల్లోని తండ్రులకు మాత్రం సెలవు తప్పనిసరి చేసే కేంద్ర చట్టం లేదు.

ఒత్తిడి శ్రుతి మించితే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కానీ, అసలు లెక్క ఇంకా తేలలేదు. 2024 సర్వేలో ఇంటి పనులకు మహిళలు వెచ్చించిన సమయం 289 నిమిషాలు. పురుషులది 97 నుంచి 88కి తగ్గింది. కుటుంబమంతా నెలల తరబడి ఒకే కప్పు కింద గడిపినా, పని పంపకం మారలేదు.