పాతకారులోని పెళుసు భాగములు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దల మాట. రాతిరోలే తాళలేని ఎండకు కారులోని చిన్న ప్లాస్టిక్ బుడిపె ఏపాటిది? పాతకారును ఇంట ఉంచుకొన్నవారికి ఈ సంగతి అనుభవమున తెలిసియే యుండును. ఇంజను చెడినచో బాగుచేయువారు దొరకుదురు. రేకు త్రుప్పుపట్టినచో క్రొత్తరేకు అతికింపవచ్చును. కాని అద్దము త్రిప్పు హ్యాండిల్, తలుపు లోపలి పిడి, స్టీరింగు చక్రము, సీటుమీది రెక్సిను, అద్దము చుట్టునుండు రబ్బరు ఒకసారి పాడైనచో అట్టివి మరల దొరకుట కష్టము. మనిషి చేయి నిత్యము తగులునవి ఇవియే. ముందుగా విరుగునవియు నివియే.

మా ఇంట 1970లో మా నాయనగారు కొన్న అంబాసిడర్ మార్క్-2 కారు ఉన్నది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో ఈ జాతి కార్లను 1950ల చివర తయారుచేయ నారంభించి, 2014 మే మాసమున నిలిపివేసినది. ఒకే పేరుతో అన్ని దశాబ్దములు నడచినను లోపలి అమరిక పలుమార్లు మారినది. కనుక తరువాతి కారు పిడి ముందటి కారు తలుపునకు సరిపడునన్న నమ్మకము లేదు. ఉన్నదానిని కాపాడుకొనుటయే మేలు. కాపాడుకొనవలెనన్నచో అది ఎందువలన చెడుచున్నదో ముందు తెలియవలెను.

మొదటి శత్రువు ఎండ. అద్దములు మూసి ఎండలో నిలిపిన కారులోనికి వెలుతురు గాజుగుండా వచ్చి, సీట్లను, డాష్‌బోర్డును వేడెక్కించును. ఆ వేడిగాలి బయటకు పోవు దారి లేదు. వేసవిలో డాష్‌బోర్డు పైభాగము 70 డిగ్రీల సెంటిగ్రేడు దాటుట వింత కాదు. దీనికి తోడు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు కలవు. మామూలు గాజు వానిలో కొంత భాగమును మాత్రమే ఆపగలదు. మిగిలినవి లోపల ప్రవేశించి ప్లాస్టిక్‌లోని పొడవైన అణుమాలలను తెంపివేయును. మాల తెగినచో పూసలు రాలినట్లు, ఆ పదార్థము బలము కోల్పోయి పెళుసగును.

రెక్సిను సంగతి వేరు. పూర్వపు రెక్సిను సెల్యులోజు పూత పూసిన గుడ్డ. తరువాత ఆ పేరుతో మనము వాడినది ఎక్కువగా పి.వి.సి. పూసిన గుడ్డయే. పి.వి.సి. సహజముగా గట్టి పదార్థము. 1926లో అమెరికాలో వాల్డో సీమన్ అను రసాయనవేత్త దానిలో కొన్ని నూనెవంటి ద్రవ్యములను కలిపి మెత్తగా చేయు ఉపాయము కనుగొనెను. ఆ మెత్తదనము అరువు తెచ్చుకొన్నదే. ఏండ్లు గడచిన కొలది, వేడి హెచ్చిన కొలది, ఆ ద్రవ్యము కొంచెము కొంచెముగా బయటకు పోవును. కారు ముందు అద్దమునకు లోపలివైపు జిడ్డుగా పట్టు పలుచని పొర చాలవరకు అదియే. ఆ జిడ్డు అద్దమునకు పట్టుచున్నదనగా సీటు ఆ మేరకు ఎండిపోవుచున్నదని అర్థము. పెట్రోలు గుడ్డతో సీటును తుడుచువారు మురికితోపాటు ఈ ద్రవ్యమునుగూడ లాగివేయుచున్నారు.

స్టీరింగు చక్రములో నడుమ ఉక్కు చట్రము, పైని గట్టి ప్లాస్టికో, గట్టి రబ్బరో ఉండును. వేడికి ఈ పైపూత ఉక్కుకంటె ఐదారు రెట్లు హెచ్చుగా వ్యాకోచించును. చల్లబడినపుడు అంతగానే ముడుచుకొనును. నడుమనున్న ఉక్కు దానిని ముడుచుకొననీయదు. పగలు రాత్రి ఈ పెనుగులాట జరిగి జరిగి, కడకు చక్రము ఆకులు కలియు చోట సన్నని బీటలు పుట్టును.

రబ్బరును గాలిలోని ఓజోను వాయువు కొరుకును. సాగియున్న రబ్బరుకే ఈ బాధ హెచ్చు. అందుచేత వంపు తిరిగిన మూలలలో బీటలు ముందుగా కనబడును. సీటు లోపలి స్పాంజి పిండివలె రాలుటకు గాలిలోని ఆక్సిజను, తేమ కారణములు. సముద్రతీరమున ఉప్పుగాలికి లోహపు పిడులును తాళవు. ఆనాటి కార్లలో మెరయు పిడులు తరచుగా జింకు మిశ్రమమును పోతపోసి క్రోమియము పూత పూసినవి. పూత క్రింద తేమ చేరినచో పొక్కులు లేచును. లోపలి లోహము బిస్కట్టువలె తునుగును.

ఈ పాఠము నేను నష్టపడి నేర్చుకొన్నాను. మాది కాకినాడ. కొన్ని ఏండ్ల క్రిందట ముందు తలుపునకుండు చిన్న త్రికోణపుటద్దము తెరచుకొనకపోగా, తొందరపడి దాని పిడిని బలముగా నెట్టితిని. పిడి విరిగి చేతిలోనికి వచ్చినది. సీట్లు కుట్టు సాయిబుగారు దానిని పరిశీలించి, "పిడి తప్పేం లేదండి బాబుగారూ. చుట్టూ ఉన్న రబ్బరు ఎండి అద్దానికి అంటుకుపోయింది. మీ బలమంతా పాపం దీనిమీదే పడింది," అన్నారు.

ఆ మాటలో ఈ విద్య సారమంతయు ఉన్నది. విరిగిన భాగము వేరు, విరుగుటకు కారణమైన భాగము వేరు. అద్దము త్రిప్పు హ్యాండిల్ విరిగినదన్నచో, తలుపులోపలి గ్రీజు ఎండినదేమో, అద్దము జారు గాడిలో దుమ్ము పట్టినదేమో చూడవలెను. అది చూడక క్రొత్త హ్యాండిల్ వేసినచో అదియు విరుగును. ఏది బిగువుగా తోచినను చేయి ఆపి, కారణము వెదకుట మొదటి నియమము.

తక్కిన నియమములు సులభమైనవి. కారును నీడన నిలుపుడు. నీడ లేనిచోట ముందు అద్దమునకు లోపల తెల్లని అట్టయో, గుడ్డయో అడ్డము పెట్టుడు. షెడ్డులో గాలి ఆడనిండు. తడిసిన కారుపై ముసుగు కప్పరాదు. సీట్లను కొలది సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తుడు. తళతళలాడించు నూనెలను నమ్మవలదు. అవి దుమ్మును పట్టి ఉంచును. స్క్రూలను బిగించునపుడు ఆనినంతనే ఆపుడు; మరొక్క చుట్టు త్రిప్పవలెనను ఆశవలననే ప్లాస్టిక్ పగులును. విరిగిన ముక్కను పారవేయవలదు. ఆ ముక్క ఉన్నచో దాని కొలతలతో క్రొత్తది చేయించుకొనవచ్చును. నేడు కంప్యూటరు సాయముతో పొరపై పొరగా ప్లాస్టిక్ పోసి వస్తువులను రూపొందించు త్రీడీ ప్రింటింగ్ యంత్రములు వచ్చినవి. మా కిటికీ పిడి నమూనా అట్లే దొరకినది.

స్టీరింగు బీటలను ఎపాక్సీ జిగురుతో నింపి, నునుపుచేసి, రంగు వేయవచ్చును. కాని బీట లోపలి ఉక్కు త్రుప్పుపట్టినను, చక్రము నడిమి బిగింపు కదలినను మమకారము పనికిరాదు, చక్రమును మార్చవలసినదే. అందముకొరకు చేయు రిపేరు వేరు, ప్రాణముతో ముడిపడిన రిపేరు వేరు.

పిడి విరిగిన పిదప నేను రెండవ తప్పు చేసితిని. కారునకు ముసుగు వేసి, పిల్లలను తలుపు ముట్టనీయక, పండుగనాడు మాత్రమే తీయుచుంటిని. ఒకనాడు మా అక్కయ్య వచ్చి అన్నవరము తీసికొనిపొమ్మన్నది. సీటు చినుగునని నేను సందేహించుచుండగా, "నాన్నగారు మనల్ని ఎక్కించుకు తిరగడానికి కొన్నారు గాని, దాచుకోడానికి కొన్నారట్రా తమ్ముడూ?" అన్నది. నేను మారు పలుకలేదు. ముసుగు తీసి చూడగా కదలక నిలిచిన ఆ నెలలలో తలుపు రబ్బరు మరింత బిగిసి అంటుకొనియున్నది. వాడక దాచినంత మాత్రమున వస్తువు నిలువదని అప్పుడు తెలిసినది.

ఇపుడు వారమునకొక్కసారి, ప్రొద్దెక్కకముందే, కారు తీయుచున్నాము. అద్దములను సగము దించి మరల ఎత్తుదుము. తలుపులను విసరక మూయుదుము. పిల్లలకు పిడి ఎట్లు పట్టుకొనవలెనో నేర్పితిని. స్టీరింగు చక్రమున మా నాయనగారి బొటనవ్రేలు ఆని నునుపెక్కిన చోటున్నది. దాని ప్రక్క బీటలను పూడ్పించితిని గాని, ఆ చోటును రంగు వేయక విడిచితిని. మొన్న అక్కయ్య వెనుకసీటున కూర్చుండి, త్రికోణపుటద్దమును తానే వ్రేలితో మెల్లగా తెరచినది.